పన్నెండు సెంటీమీటర్ల చేప

మా ఇంటి ముందు గదిలో గోడకి ఒక ఇత్తడి పళ్ళెం ఉండేది. పళ్ళెం అంటే అన్నం తినేది కాదు. మూడడుగుల వెడల్పున లోపలికి వంపు తిరిగి, దూరంగా నిలబడ్డ మనిషిని తలకిందులుగా చూపించేది. ఒకప్పుడు ఓడ మీది సెర్చిలైటులో దీపం వెనక బిగించిన అద్దం అది. మా తాత దుబాసీ. రేవుకొచ్చిన ఓడలకి బియ్యం, కూరగాయలు, తాళ్ళు, రంగు డబ్బాలు, మంచినీళ్ళు అందించడం దుబాసీల పని. ఒక ఓడని విప్పి అమ్మేస్తున్నప్పుడు దాని కెప్టెన్ మా తాతకి గుర్తుగా ఇచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు.

తాత పోయాక మా నాన్న, ఇద్దరు చిన్నాన్నలు వ్యాపారాన్ని మూడు ముక్కలు చేసుకున్నారు. ముక్కల దగ్గరికి ఓడలు రాలేదు. ఇప్పుడు వన్ టౌన్‌లో మా ఇంటి వెనక భాగం ఉల్లిపాయల గోడౌను. ముందు రెండు గదుల్లో నేనూ మా ఆవిడా ఉంటాం. పాత సామాన్లు కొనేవాళ్ళు వీధిలోంచి తొంగి చూసి, "ఆ పళ్ళెం ఎన్ని కిలోలుంటాది బాబూ?" అని అడిగేవారు. నేను తలుపు వేసేవాణ్ణి. ప్రతి దసరాకీ ఆయుధపూజ ముందు రోజు మా వీధి కంచరి వచ్చి, దాన్ని కిందికి దించి, ఏడాదిలో పడ్డ సొట్టలు చెక్క సుత్తితో సరిచేసి, చింతపండుతో తోమి మళ్ళీ తగిలించేవాడు. తాత రోజుల నుంచీ అదే ఆచారం. ఇంట్లో ఏది ఆగినా అది ఆగలేదు.

నేను ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మైక్రోవేవ్ ల్యాబులో టెక్నీషియన్ని. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. పిల్లలూ లెక్చరర్లూ అందరూ నన్ను మాస్టారూ అనే పిలుస్తారు. నా ఉద్యోగానికి ఆ పిలుపు రాదు, నా నడకకి వచ్చింది. ఇస్త్రీ చొక్కా లేకుండా నేను ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర బస్సెక్కిన రోజు లేదు.

నాలుగేళ్ళ కిందట మా డిపార్ట్‌మెంటులోకి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చింది. ముప్పై రెండేళ్ళు ఉంటాయేమో. వాళ్ళది సముద్రపొడ్డున చేపలు పట్టే కుటుంబం. ఆవిడ పెద్ద చదువు చదివి, సీతమ్మధారలో ఫ్లాటు కొనుక్కుని, సొంత కారులో కాలేజీకి వచ్చేది. నేను బస్సు దిగి గేటు దగ్గర్నుంచి నడిచి వస్తుంటే కారు ఆపి, "రండి మాస్టారూ, ఎండగా ఉంది" అనేది. "నడక మంచిదమ్మా" అనేవాణ్ణి. ఆ కారు ముందుకు పోయాక కడుపులో ఏదో మండేది. అది ఎండ వల్ల కాదని నాకు తెలుసు. వాళ్ళ నాయనమ్మలు బుట్టలు నెత్తిన పెట్టుకుని మా పెరటి గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళన్న మాట ఆ సమయంలోనే నాకు గుర్తుకొచ్చేది. మిగతా వేళల్లో వచ్చేది కాదు.

ఆవిడకి ఒక ప్రాజెక్టు వచ్చింది. కరెంటుని తీగ లేకుండా పంపడం. ఫ్యాక్టరీలో తిరిగే క్రేన్ల మీదా, రేవులో ఓడలకి దారి చూపిస్తూ తేలే బోయాల మీదా చిన్న చిన్న కొలత పరికరాలు పెడతారు. వాటికి తీగ లాగడం కుదరదు. బ్యాటరీ మార్చాలంటే ప్రతిసారీ మనిషిని ఎక్కించాలి. అందుకని దూరం నుంచి మైక్రోవేవ్ తరంగాలు వాటి మీద పడేస్తే, అక్కడున్న యాంటెన్నాలు వాటిని పట్టుకుని మళ్ళీ కరెంటుగా మారుస్తాయి. చిక్కల్లా ఒకటే. వదిలిన తరంగం వదిలినట్టు పోదు, గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే చిమ్మే నీళ్ళలా విచ్చుకుపోతుంది. దాన్ని పోగుచేసి ఒకచోట పడెయ్యాలంటే ఒక వంపు పళ్ళెం కావాలి. పళ్ళేనికి ఎదురుగా, నాభి దగ్గర, అంటే ఫోకస్ దగ్గర, చిన్న రేకు గరాటు పెడతాం. తరంగం గరాటులోంచి పళ్ళెం మీద పడి తిరిగి ముందుకి వస్తుంది. గరాటుని నాభి నుంచి కాస్త అవతలికి, అంటే పళ్ళేనికి దూరంగా జరిపితే, తిరిగొచ్చిన తరంగమంతా ముందున్న ఒక చోటికి ముడుచుకుంటుంది. మాకు అది ఆరు గజాల అవతల ముడుచుకోవాలి. అక్కడ మంచమంత బోర్డు నిలబెట్టి, దాని నిండా చిన్న యాంటెన్నాలూ, ఒక్కోదానికి ఒక్కో బుల్లి లైటూ బిగించాం. బోర్డు మధ్యలో జల్లెడంత మేర లైట్లు బాగా వెలిగి, చుట్టుపక్కల చీకటిగా ఉంటే పని సరిగ్గా జరిగినట్టు.

మే నెలలో డబ్బిచ్చే కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తామన్నారు. పళ్ళెం కోసం ఆర్డరిచ్చిన రిఫ్లెక్టరు రాలేదు. ఆవిడ దిగాలుగా కూర్చుంటే నేను అన్నాను:

"మా ఇంట్లో ఒకటుంది."

మర్నాడు దాన్ని కొత్త దుప్పటిలో చుట్టి ఆటోలో తెచ్చాను. బల్ల మీద పెట్టి దుప్పటి తీసేసరికి ల్యాబంతా పసుపు వెలుతురు పడింది. పిల్లలు మూగారు. ఆవిడ రెండు చేతులా అంచు పట్టుకుని, "ఎంత బాగుందో మాస్టారూ" అంది.

"ఒక్కటే కోరిక. స్టాండు కింద మా తాతగారి పేరుతో చిన్న బోర్డు ఉండాలి."

"తప్పకుండా ఉంటుంది."

ఆ సాయంత్రమే పూర్ణా మార్కెట్ దగ్గర ఒక దుకాణంలో ఇత్తడి రేకు మీద పేరు చెక్కించాను. మా ఇంటి పేరు నలుగురి ముందూ నిలబడి ముప్పై ఏళ్ళ పైనే అయింది. ఇంకోసారి నిలబడే అవకాశం నా జన్మలో వస్తుందనుకోలేదు.

పళ్ళెం బిగించి స్విచ్చి వేశాం. స్విచ్చి దగ్గర ఎప్పుడూ నేనే ఉంటాను. ఎర్ర లైటు వెలుగుతుండగా మధ్యలోకి ఎవరూ రాకుండా చూడ్డం నా బాధ్యత. బోర్డు మీద లైట్లు వెలిగాయి గానీ ఒకచోట కాదు. ఇక్కడ నాలుగు, అక్కడ ఆరు, అన్నీ మినుకుమినుకు. గరాటుని ముందుకీ వెనక్కీ జరిపాం. అంతే. నేను పళ్ళేన్ని దింపి గంటసేపు తోమాను. ఆవిడ నన్ను తోమనిచ్చి, అప్పుడు మెల్లిగా అంది:

"మెరుపుతో దీనికి పని లేదు మాస్టారూ. తరంగం పన్నెండు సెంటీమీటర్లది. దానికి మెరిసేదీ మాసిందీ ఒకటే. వంపు తేడా లేకుండా ఉంటే చాలు."

అట్టముక్కని పరావలయం ఆకారంలో కత్తిరించి పళ్ళెంలో నిలబెట్టింది. నడుమ సరిపోయింది. అంచుల దగ్గర అట్టకీ ఇత్తడికీ మధ్య నా బొటనవేలు దూరింది. చుట్టూ తిప్పి చూశాం. కొన్నిచోట్ల తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ. కంచరి సుత్తి తగిలిన చోటల్లా అది కొంచెం కొంచెంగా చదునైంది. చూసేవాళ్ళకి నున్నగా కనపడాలని మూడు తరాలు దాన్ని కొట్టించాం. మా ఆచారమే దాని ఆకారం తినేసింది. నాకు అర్థమైంది. ఒప్పుకోవడం వేరే పని.

"కొంత పని చేస్తోంది కదా. వేరేది దొరక్కపోతే ఇదే పెడదాం," అంది.

ఆ 'దొరక్కపోతే' నాకు నచ్చలేదు. అయినా వేరేది ఎక్కడ దొరుకుతుంది? పళ్ళెం నిలబడుతుందని ధైర్యంగా ఉన్నాను. రెండు రోజుల తర్వాత వాళ్ళ నాన్న వచ్చాడు.

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మగాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. అలా ఖాళీగా ఉన్న రోజున ఆయన కూతురికి క్యారేజీ తెచ్చాడు. అరవై అయిదేళ్ళుంటాయి. ఎండిన కొయ్యలాంటి మనిషి. ల్యాబు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాగానే పళ్ళెం వైపు చూసి ఆగిపోయాడు.

"ఓలబ్బో! ఇది దుబాసీ బాబుల ఇంట్లో అద్దం కాదేటి?"

నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. "అవును. మాదే."

"మీరు ఆ ఇంటి బాబుగారా! సిన్నప్పుడు మాయమ్మ ఎనకాల వచ్చి మీ గుమ్మం కాడ నిలబడి సూసీవోణ్ణి. లోపలికి రానిచ్చీవోరు కాదు కదా. బయటి నుంచి సూత్తే మొగం తలకిందులు కనపడీది. నాను నవ్వీవోణ్ణి." ఇప్పుడూ నవ్వాడు. అందులో విషం లేదు. ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

కూతురు ముఖం పక్కకి తిప్పుకుని క్యారేజీ విప్పింది. తింటూ తింటూ సంగతంతా తండ్రికి చెప్పింది. రిఫ్లెక్టరు రేకుతోనే ఉండక్కర్లేదని, తీగలతో అల్లినా సరిపోతుందని, కన్నాలు చిన్నవైతే తరంగం వాటిని చూడదని, దానికి అదో గోడేనని.

"అయితే వలే కదేటి!" అన్నాడు ఆయన. "దానికింత సదువెందుకు? ఇనప సువ్వలు ఒంచి ఇయ్యండి, రాగి తీగిచ్చి కూసోబెట్టండి. నాను కట్టేత్తాను."

మా డిపార్ట్‌మెంటు హెడ్డుకి ఈ మాట తెగ నచ్చింది. రెండూ పెట్టి చూద్దాం, ఏది బాగా పనిచేస్తే అది స్టాండు మీద ఉంటుంది అన్నాడు. నేను కూడా బాగుందన్నాను.

కాలేజీ వర్క్‌షాపులో ఇనపచువ్వలు వంచి, అయిదడుగుల వెడల్పున చట్రం చేయించాను. చట్రం నేను తప్పుగా చెయ్యలేదు. మిల్లీమీటరు తేడా రానివ్వలేదు. ఇది చెప్పుకోవడం ఎందుకంటే, తర్వాత చేసినదాన్ని చేతకానితనమని ఎవరూ అనుకోకూడదు.

ఆవిడకి శ్రీకాకుళంలో ఒక కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకి డ్యూటీ పడింది. నాలుగు రోజులు. వెళ్తూ వెళ్తూ వరండాలో నాతో అంది: "వల కన్ను ఎంతుండాలో నాన్నకి మీరు చెప్పండి మాస్టారూ. తరంగంలో పదో వంతుకి మించకూడదు. మీకు తెలిసిందే కదా."

"తెలిసిందే," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి చట్రం ముందు చాప వేసుకున్నాడు. కన్ను కొలవడానికి చెక్కపలక కోసుకోవాలి. చేతిలో కత్తి పట్టుకుని నన్ను అడిగాడు.

"ఏ సేపకి కట్టాలి బాబూ?"

"చేపేమిటి?"

"నెత్తళ్ళకో కన్ను, కానాగంతలకో కన్ను, కోనేనికో కన్ను. సేప ఎంతుంటాదో సెప్పండి. కన్ను నాను సూసుకుంటాను."

ఆయనతో మాట్లాడ్డం నాకు కష్టంగా ఉండేది. చిన్నప్పుడు మా ఇంట్లో వాళ్ళని 'నువ్వు' అనేవారు. ఇక్కడ అది కుదరదు. 'మీరు' అనడానికి నోరు తిరగదు. అందుకని పొట్టిపొట్టిగా మాట్లాడేవాణ్ణి.

"పన్నెండు సెంటీమీటర్లు," అన్నాను.

ఆయన జాన పరిచి చూసుకున్నాడు. "అంటే జానెడు కన్నా తక్కువే. సిన్న కానాగంతంత. తల దూరి మొప్పల కాడ బిగిసిపోవాల. రెండంగుళాల కన్ను ఏత్తే ఒక్కటి తప్పించుకోదు. సాలు కదేటి బాబూ?"

చేప తలలాంటిది తరంగానికి లేదు. పన్నెండు సెంటీమీటర్ల తరంగం రెండంగుళాల కన్నంలోంచి సగానికి పైగా కారిపోతుంది. వల కన్ను చిటికెనవేలు దూరనంత సన్నగా ఉండాలి. ఇరవై ఏడేళ్ళుగా ఆ పాఠం చెప్పే ల్యాబులో నేను నిలబడి ఉన్నాను. బల్ల మీద స్క్రూలు ఏరి డబ్బాలో వేస్తూ అన్నాను:

"వలల సంగతి... తెలిసినవాళ్ళకే తెలియాలి."

ఆయన సంతోషించాడు. రెండంగుళాల పలక కోసుకున్నాడు.

మూడు రోజులు అల్లాడు. రాగి తీగ కోసి వేళ్ళు చీరుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలెట్టేవాడు. ఒక్క ముడీ ఇంకో ముడికంటే పెద్దది కాదు. చూస్తుంటే చట్రం మీద ఏదో పెరుగుతున్నట్టుండేది. మొదటి రోజు ముగ్గురు విద్యార్థులు వచ్చి చూశారు. రెండో రోజు క్లాసు క్లాసంతా వచ్చింది. ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. మా హెడ్డు టీ తెప్పించి స్వయంగా ఆయన చేతికి అందించి, "మాస్టారూ, ఈ ముడి మాకూ నేర్పండి" అన్నాడు.

మాస్టారూ. ఆ కాలేజీలో ఆ మాట నా ఒక్కడిది. అది నా జీతంలో లేనిది, నేను సంపాదించుకున్నది. ఆయన మూడు రోజుల్లో చాప మీద కూర్చుని తీసేసుకున్నాడు. పైగా తీసుకున్నట్టు కూడా తెలియదు. "ఓయబ్బ, నాను మేస్టారేటి బాబూ!" అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. మా పళ్ళెం గోడకి ఆనించి ఉంటే, దాని మీద పిల్లల బ్యాగులు పెట్టారు. నేను వెళ్ళి బ్యాగులు తీసి కింద పెట్టాను.

మధ్యలో ఒకసారి ఆయన నా పక్కనే కూర్చుని టీ తాగుతూ, "అమ్మాయి రోజూ మీ గురించే సెప్తాది. మా మేస్టారుంటే సాలు నాన్నా, యంత్రం మాట ఇంటాది అంటాది" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఇంకా సగమే అయింది. నేను టీ గ్లాసు కిందపెట్టి స్టోరులోకి వెళ్ళిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. వల చట్రాన్ని గుమ్మంలోంచే చూసి ముఖం పాలిపోయింది. అయినా బిగించమంది. స్విచ్చి వేశాను. బోర్డు మీద ఒక మూల రెండు లైట్లు వెలిగీ వెలగకుండా ఊగాయి. అంతే. ల్యాబు నిండా పిల్లలు.

"ఈ కన్ను ఎవరు చెప్పారు?" అంది.

నాకంటే ముందు ఆయనే అన్నాడు:

"ఎవులూ సెప్పలేదమ్మా. నానే ఏసినాను. బాబుగారు సేప పొడుగు సెప్పారు. సరిగ్గానే సెప్పారు. నాకే అరదం అవనేదు."

"తెలీకపోతే అడగాలి కదా నాన్నా! నాలుగు రోజులు పోయాయి. ఇప్పుడు వాళ్ళు వస్తే ఏం చూపించాలి నేను?"

పిల్లలందరి ముందూ. ఆయన కొడుకు వయసు లెక్చరర్ల ముందూ. ఆయన చూపు కిందికి వాలింది. చేతి వేళ్ళకి చుట్టిన గుడ్డపీలికలు విప్పుకుంటూ ఉండిపోయాడు. హెడ్డు, "సరేలెండి. ఇత్తడిదే పెట్టేద్దాం. కొంతైనా వెలుగుతుంది" అన్నాడు.

నేను గెలిచాను. ఆ సాయంత్రం పళ్ళేన్ని స్టాండుకి బిగించి, కింద మా తాత పేరు రేకు నాలుగు మేకులతో కొట్టాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్తే, "మరి ముఖం అలా ఉందేం?" అంది. ఎండలో వచ్చానన్నాను.

మర్నాడు శనివారం. పిల్లలు లేరు. నేను ల్యాబు తెరిచేసరికి ఆయన వరండాలో చాప వేసుకుని వల విప్పుతున్నాడు. ముడి ముడీ విప్పి, తీగని నిటారుగా లాగి, కర్రకి చుడుతున్నాడు.

"ఇదెందుకు?" అన్నాను.

"కాలేజీ తీగ కదా. పాడుసెయ్యకూడదు." రెండు ముడులు విప్పాడు. "బాబూ, ఒక్కటి సెప్పండి. నాకు రాత్రంతా అదే. సేప పన్నెండన్నారు. నా కన్ను రెండంగుళాలు, అంటే అయిదే. అయిదులోంచి పన్నెండు ఎలగ పోయింది? యాభయ్యేళ్ళు కట్టినాను. నా వల్లోంచి అలగ ఎప్పుడూ పోనేదు. నా ముడి వదులైపోయిందేటి? వయసైపోయిందేటి నాకు?"

ఆయనకి అవమానం బాధ కాదు. కూతురు తిట్టిందని కాదు. తన పని తనకి చెడిందేమోనని భయం. ఆ భయం నాకు తెలుసు.

మా తాత గురించి ఒక మాట మా ఇంట్లో అందరికీ వచ్చు. ఓడవాళ్ళు తాడు కావాలంటే పొడుగు అడిగి ఊరుకునేవాడు కాదట. ఏ పనికి, ఎంత బరువుకి అని అడిగి, దానికి తగ్గదే ఇచ్చేవాడట. తప్పు తాడు ఎక్కించిన దుబాసీకి రేవులో మొహం లేదు అనేవాడట. జాలి నన్ను మాట్లాడించలేదు. నేను అంత మంచివాణ్ణి కాదు. ఆ తాత పేరు లోపల స్టాండు మీద కొట్టి ఉంది. దాని కింద నేను తప్పు తాడు ఇచ్చాను. అది భరించలేకపోయాను.

"ముడి తప్పు కాదు," అన్నాను. "ఇది చేపలా తల దూర్చదు. తరంగం పొడుగులో పదో వంతు కన్నా పెద్ద కన్నముంటే కారిపోతుంది. చిటికెనవేలు దూరకూడదు. అది నాకు తెలుసు. మీకు చెప్పమని అమ్మాయి నాకు చెప్పింది కూడా. నేను చెప్పలేదు."

మొదటిసారి 'మీకు' అన్నానని అప్పుడు గమనించలేదు.

ఆయన చేతులు ఆగాయి. "అడిగినాను కదా. సాలా అని అడిగినాను."

"అడిగారు."

"ఏటికి సెప్పనేదు?"

"నా పళ్ళెం ఉండాలని."

"ఆ సత్తు పళ్ళేనికా!"

"ఇత్తడి. సత్తు కాదు," అన్నాను. ఆ స్థితిలో కూడా.

ఆయన నా ముఖం చూసి ఫక్కున నవ్వాడు. నవ్వాక ముఖం మళ్ళీ గట్టిపడింది. "నా బిడ్డ నన్ను నలుగుర్లో అంది. మీరు పక్కనే నిలబడ్డారు. అమ్మాయికి మీరు సెప్తారా, నాను సెప్పాలా?"

"నేనే చెప్తాను."

ఆవిడ పదింటికి వచ్చింది. చెప్పాను. కూర్చోకుండా, చేతులు కట్టుకోకుండా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు. కిటికీలోంచి వరండాలో తండ్రి వీపు వైపు చూస్తూ విన్నది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నా దగ్గర జవాబులుండేవి.

"వాళ్ళొచ్చేది గురువారం," అంది. "స్టోరులో తీగ ఎంతుంది మాస్టారూ?"

ఆ 'మాస్టారూ'లో ఏమైనా తగ్గిందా అని ఈరోజుకీ నేను వెతుక్కుంటాను.

ఆయన ఫోను చేస్తే గంటలో ఇద్దరు బావమరుదులు వచ్చారు. వాళ్ళకీ వేట లేదు. ముగ్గురూ చట్రం చుట్టూ కూర్చున్నారు. తీగ లాగి ఇవ్వడం, అంచుల దగ్గర టంకం వెయ్యడం నా పని.

"ఏటి బావా ఇంత సిన్న కన్ను? దోమల్ని పడతావేటి?"

"నోర్ముయ్యి బావా. కరెంటుని పడతన్నాను. నీకు తెల్దు."

"పట్టి ఏటి సేత్తావ్, పులుసా?"

వాళ్ళు నవ్వుకుంటుంటే నేను వంగి టంకం వేస్తూ కూర్చున్నాను. వెన్ను నొప్పి పుట్టింది. ఆయన ఆ సంగతి వాళ్ళకి చెప్పాడేమోనని ప్రతి నవ్వుకీ తలెత్తి చూసేవాణ్ణి. చెప్పినట్టు లేదు. చెప్పకపోవడం కూడా నాకు మండింది. నేనైతే చెప్పకుండా ఉండేవాణ్ణి కాదు.

మంగళవారం సాయంత్రానికి అయింది. పళ్ళేన్ని దింపింది నేనే. పేరు రేకు మేకులు పీకింది నేనే. ఎవరూ నన్ను తియ్యమనలేదు, ఉంచమనీ అనలేదు. వల బిగించి, గరాటు సరిచేసి, స్విచ్చి వేశాను. బోర్డు నడుమ లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. జల్లెడంత మేర, తెల్లగా. చుట్టూ చీకటి. ఆయన "ఓలమ్మో" అని నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ తండ్రి భుజం మీద తల ఆనించింది. నేను నా స్విచ్చి దగ్గరే ఉన్నాను. ఎర్ర లైటు వెలుగుతుండగా అక్కణ్ణుంచి కదలకూడదు.

గురువారం కంపెనీ వాళ్ళు వచ్చారు. ఇది ఎవరు కట్టారని అడిగితే ఆవిడ తండ్రిని ముందుకి తెచ్చింది. ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు ఆయన. వాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఫొటోలు తీశారు. హెడ్డు నన్ను కూడా పిలిచాడు. నేను వెళ్ళలేదు. ఆ ఫొటో ఇప్పుడు డిపార్ట్‌మెంటు గోడ మీద ఉంది. దాని ముందు నుంచి రోజుకి నాలుగుసార్లు నడుస్తాను. నాలుగుసార్లూ మండుతుంది. తప్పు ఒప్పుకుంటే అసూయ పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

జూన్ మొదట్లో, వేట మొదలవడానికి వారం ముందు, ఆయన ఒక బావమరిదితో మళ్ళీ ల్యాబుకి వచ్చాడు. కంపెనీ వాళ్ళు ఇంకోటి కట్టమన్నారు. ఈసారిది ఇంకా చిన్న తరంగం, చట్రం ఇంకా పెద్దది. కూతురు క్లాసులో ఉంది. ఆయన తిన్నగా స్టోరు దగ్గరికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"బాబూ, కన్నెంత?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నోటితో వద్దు. కాయితమ్మీద రాసియ్యండి. సంతకం ఎట్టండి."

నా సొరుగులోంచి తెల్లకాగితం తీశాను. తరంగం పొడుగెంతో, పదో వంతు ఎంతో, కన్ను ఎంతకి మించకూడదో తెలుగులో, విడివిడి అక్షరాల్లో రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకుని, కళ్ళకి దూరంగా పట్టుకుని చూసి, బావమరిదికి అందించాడు.

"సదువు బావా."

అతను వరండాలో నిలబడి గట్టిగా, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అటుగా పోతున్న ఇద్దరు పిల్లలు ఆగి విన్నారు.

"కింద సంతకం ఉంది బావా."

"ఉందా?"

"ఉంది."

"అయితే తీగ తియ్యండి బాబూ," అన్నాడు ఆయన నాతో, చాప పరుచుకుంటూ.